రెండు రూపాయల బస: పానగల్ పార్కు ఆత్మకథ

పార్కు అందరిదీ. అందరిదీ అయినదాని నోట ‘నేను’ అనే మాట నప్పదు. అందుకే మద్రాసు టి.నగర్‌లోని ఈ పానగల్ పార్కు, తన కథ తానే చెప్పుకుంటున్నా, ఇంకెవరి గురించో చెబుతున్నట్టే చెబుతుంది.

పుట్టుక నీళ్లలో జరిగింది. ఇక్కడ ఒకప్పుడు పెద్ద చెరువు. ఊరు పెరిగి ఇళ్లకు చోటు చాలక, 1920లలో దాన్ని పూడ్చి త్యాగరాయనగర్ కట్టారు. పేటకు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు, పార్కుకు పానగల్ రాజా పేరు. ఆ రాజావారు పానగంటి రామరాయణింగారు, కాళహస్తిలో పుట్టినవారు. ఇద్దరూ తెలుగువాళ్లే. తమిళ నేల మీద పెరిగినా ఈ పార్కు చెవిన మొదటినుంచీ తెలుగు పడుతూనే ఉంది.

1944లో ఒక కుర్రాడు వచ్చాడు. ఘంటసాల వేంకటేశ్వరరావు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు, అప్పటికి 22 ఏళ్లు నిండలేదు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సంగీతం కోసం విజయనగరం వెళ్లి, మధూకరం ఎత్తుకుని తింటూ చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. 1942 ఉద్యమంలోకి దిగి బళ్లారి అలీపురం జైలు చూశాడు. 1944 మార్చిలో పెళ్లయింది. పాట విని మద్రాసు రమ్మన్నది సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య గారు.

సముద్రాల వారి ఇల్లు చిన్నది. వాళ్లకే ఇరుకుగా ఉన్నచోట తానెందుకని కుర్రాడు మకాం ఇక్కడికి మార్చాడు. వాచ్‌మన్‌కు నెలకు 2 రూపాయలు ఇస్తే రాత్రి పడుకోనిచ్చేవాడు. పగలంతా అవకాశాల కోసం తిరగడం, చీకటి పడ్డాక ఈ చెట్ల కిందికి రావడం. మాంబళం స్టేషన్ మీదుగా పోయే ఆఖరి కరెంటు రైలు చప్పుడు అణిగాక గానీ ఇక్కడ రాత్రి అనిపించదు. తెల్లవారుజామున మంచుకి గడ్డి తడుస్తుంది, పడుకున్నవాళ్ల దుప్పట్లూ తడుస్తాయి. పెద్ద ఊళ్లో సొంత గోడలు లేనివాడికి పొద్దు తొందరగా తెల్లవారుతుంది.

ఒక రికార్డింగు కంపెనీ ఆయన గొంతు మైకుకు పనికిరాదని తిప్పి పంపిందని చెబుతారు. ఆ మాట తేలిగ్గా తీసిపారెయ్యలేం. పల్లెలో, నాటకంలో, హరికథలో గొంతు ఆఖరి వరసదాకా వెళ్లాలి. మైకు ముందు అదే గొంతు చెవి పక్కన మాట్లాడినట్టుండాలి. పైగా ఆ రోజుల్లో పాటా వాద్యాలూ ఒక్క ఊపులో రికార్డు చేసేవారు. ఎవరు తప్పినా మొదటికే వచ్చేది. విజయనగరం శాస్త్రం నేర్పింది. ఈ కొత్త విద్య మాత్రం ఆయన మద్రాసులోనే, ముందు ‘సీతారామ జననం’ కోరస్‌లో నిలబడీ, 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతి గారితో కలిసి పాడీ నేర్చుకున్నాడు.

ఆయన ఎదుగుదల అంటే డబ్బూ పేరూ అనుకోదు ఈ పార్కు. పద్యం చూడండి. నాటకాల్లో పద్యం చివర రాగం ఎంత సాగితే అన్ని వన్స్‌మోర్లు. ఆయన ఆ సాగదీతను కోసేశాడు. అర్థానికి ఎంత కావాలో అంతే రాగం ఉంచి, ప్రతి మాటా విడివిడిగా వినబడేలా పాడాడు. అంత గొంతున్నవాడు గొంతు తగ్గించుకోవడమంటే మాటలు కాదు. 1949లో ‘కీలుగుర్రం’, ‘మనదేశం’, 1951లో ‘పాతాళభైరవి’ వచ్చాయి. సంగీత దర్శకుడిగా ఆయనకిక తిరుగులేదు.

అప్పుడాయన ఇల్లు ఎక్కడ పెట్టుకున్నారు? ఉస్మాన్ రోడ్డులో! ఈ పార్కు అంచునే ఉంది ఆ రోడ్డు. తడి గడ్డి మీద పడుకున్న మనిషి నాలుగడుగులు వేసి గడప తొక్కినట్టయింది. ఆ మాట తలచుకుంటే ఈ పార్కుకు ఇప్పటికీ కడుపు నిండుతుంది. అంతకన్నా గొప్ప సంగతి ఇంకోటుంది. విజయనగరంలో ఉచితంగా పాఠం చెప్పిన శాస్త్రి గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారు మద్రాసు వచ్చి, ఘంటసాల గారికి సహాయకుడిగా ఏళ్ల తరబడి పక్కనే ఉన్నారు.

1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. 51 ఏళ్లు.

తర్వాత సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు తరలిపోయారు. చుట్టూ చీరల దుకాణాలు, బంగారం కొట్లు లేచాయి. పండగల ముందు నడవడానికి చోటుండదు. ఈ మధ్య పార్కులో కొంత నేల మెట్రోకు ఇచ్చేశారు. ఒకప్పటి చెరువు అడుగున యంత్రాలు సొరంగం తవ్వుకుంటూ కోడంబాక్కం వైపు వెళ్లాయి. మిగిలిన చెట్ల కింద, ఏ ఊరినుంచో వచ్చిన కుర్రాళ్లు సంచి తల కింద పెట్టుకుని మధ్యాహ్నం కాసేపు కన్ను మూస్తుంటే, వాళ్ల నోట ఏ కూనిరాగమైనా వస్తుందేమోనని ఈ పార్కు వింటూ ఉంటుంది.