ఏకగ్రీవ తీర్మానాల హెడ్మాస్టరు

మా బడి మినిట్స్ పుస్తకం చదివితే నాకంటే అదృష్టవంతుడైన హెడ్మాస్టరు జిల్లాలో లేడనిపిస్తుంది. మొదటి ఏడాది పెట్టిన స్టాఫ్ మీటింగులన్నిటి కిందా ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అనే ఉంటుంది. రాసింది నేనే, నమ్మిందీ నేనే. నేను మాట్లాడుతుంటే ఎవరూ నోరు మెదపడం లేదంటే నా మాటకు ఎదురు లేదని మురిసిపోయాను. వాళ్లు నాతో మాట్లాడటం మానేశారన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు.

తెలంగాణలో 2015 తర్వాత టీచర్ల పదోన్నతులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. 2023లో దారి తెరుచుకున్నప్పుడు, లెక్కలు చెప్పి చెప్పి తల నెరిసిన నేనూ గెజిటెడ్ హెడ్మాస్టరునయ్యాను. అన్నేళ్లూ హెడ్మాస్టరు లేడని బడులేమీ ఆగలేదు. చాలాచోట్ల సీనియర్ స్కూల్ అసిస్టెంట్లే తమ పీరియడ్లు తాము చెప్పుకుంటూ, ఇన్‌ఛార్జిలుగా జీతాల బిల్లుల నుంచి యూడైస్ అనే బడి గణాంకాల లెక్కల దాకా లాక్కొచ్చారు. నేను చేరిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆ భారం మోసింది తెలుగు సారు. మొదటి రోజు నాకు బీరువా తాళాలు అప్పగించి, “కూసోండి సార్, కొన్ని సంగతులు చెప్త” అన్నాడు. “ఫైళ్లున్నాయి కదా, చూసుకుంటాను” అన్నాను. నా తెలివితక్కువతనానికి అదే బోణీ.

ఫైళ్లలో మొదట నా కంటబడింది టైంటేబుల్. సైన్సు మేడంకు మొదటి పీరియడ్ లేదు, ఊళ్లోనే ఉండే హిందీ సారుకు వారమంతా ఉంది. ఇదేం పక్షపాతమని, లెక్కల మనిషిని కనుక, అందరికీ సమానంగా పంచేశాను. ఆమె వచ్చేది పల్లెవెలుగు బస్సులో అని ఎవరినీ అడగలేదు. ఆ డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులు కిక్కిరిసి, కొన్ని రోజులు ఆమె స్టేజీలో ఆగకుండానే పోయేవి. ఇక్కడ తొమ్మిదో తరగతి అరుపులు, అక్కడ రోడ్డు మీద ఆమె. నేను ఎర్రపెన్ను తీశాను. మూడు ఆలస్యాలకు ఒక సీఎల్ కోత అన్న నిబంధన నాకు కంఠతా వచ్చు. గుణకారం తప్పు లేకుండా కోశాను.

ఇక మధ్యాహ్న భోజనం. ఒకనాడు పప్పు నీళ్లలా ఉంటే వంట ఏజెన్సీ మహిళలకు మెమో రాసి అటెండరు చేతికిచ్చాను. మర్నాడు పొయ్యి వెలగలేదు. పళ్లేలు పట్టుకుని పిల్లలు వరండాలో కూర్చున్నారు. తెలుగు సారు నాతో ఒక్క మాటా అనకుండా బండి తీసి వాళ్ల వాడకు వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. “అక్కా, ఏమైంది?” అని ఆయన అడిగితే గాని నాకు అసలు సంగతి తెలియలేదు. “నెలల సంది బిల్లులు రాలె సార్. వారానికి మూడు గుడ్లు మేమే కొనాలె. కిరాణా సేటు ఉద్దెర బంద్ వెట్టిండు. పప్పు పలుచగైతే మేమేం జెయ్యాలె?” సేటుకు హామీ ఉన్నది తెలుగు సారేనట. నేను చార్జి తీసుకున్నాక, పెద్దసారుకు చెప్పకుండా హామీ ఎట్లా ఉండేదని ఆయన తప్పుకున్నాడు. నాకు చెబుదామనుకున్న ‘కొన్ని సంగతుల్లో’ ఇదొకటి.

ఈ మాట కనీసం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలోనైనా తెలియాలి. 2009 విద్యా హక్కు చట్టం ఆ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలంది. నేను నడిపిన కమిటీ అటెండరు సైకిలు మీద తిరిగేది. రిజిస్టరు ఇళ్లకు వెళ్లేది, సంతకాలతో తిరిగొచ్చేది. అదే అటెండరు స్టాఫ్ రూం కబుర్లు కూడా మోసుకొచ్చేవాడు. వాటితోనే బడి నాడి నా చేతిలో ఉందనుకున్నాను. స్టాఫ్ రూంలో మాత్రం అతన్ని చూడగానే క్రికెట్ సంగతులు ఎత్తుకునేవారట.

పదో తరగతి ప్రీఫైనల్ మార్కులు చూసి గుండె జారింది. మీటింగు పెట్టి గట్టిగా అరిచాను. యథాప్రకారం నిశ్శబ్దం. జవాబు చివరికి ఒక పిల్లవాడు చెప్పాడు: “పోయినేడు అన్నోళ్లకు మేడం చీకటి పడేదాంక చెప్పిండ్రట సార్. మాకు ఉంటలేరు.” వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టి, ఆఖరి బస్సు దాకా ఆమె చెప్పే చదువు ఏ రిజిస్టరులోనూ లేదు. ఇప్పుడు సరిగ్గా 4:45కి సంచీ భుజాన వేసుకుంటోంది. ఒక్క నిమిషం ముందు కాదు. మిగతావాళ్లూ అంతే. మెమో ఇద్దామంటే ఒక్కరి మీదా కారణం దొరకలేదు. అందరూ నిబంధన పాటిస్తున్నారు, నేను కోరినట్టే.

హెడ్మాస్టరు చేతిలో ఉన్న అధికారం చాలా చిన్నది. సీఎల్ కోయగలడు, మెమో రాయగలడు. బడి నడిచేది మాత్రం ఏ జీవో అడగని పనుల మీద. వాటిని ఆజ్ఞాపించలేం, ఆగిపోయాక గాని కనబడవు. ఇది తెలుసుకోవడానికి తెలుగు సారు ముందు పావుగంట కూర్చుంటే సరిపోయేది. మరుసటి ఏడాది కూర్చున్నాను. పాత టైంటేబుల్ మళ్లీ గోడకెక్కింది. మీటింగుల్లో అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడతారు, నేను చివర. వాళ్లు కాదన్నప్పుడు ఇప్పటికీ నాకు ముఖం ముడుచుకుంటుంది. అది మానలేదు, దాచుకోవడం కొంత నేర్చుకున్నాను.

మొన్న అందరి ముందూ సైన్సు మేడంతో తప్పు నాదేనన్నాను. ఏడాది దాటితే సీఎల్ మురిగిపోతుంది కనుక కోసింది తిరిగి ఇవ్వలేనని కూడా చెప్పాను. “సీఎల్‌దేముంది సార్, పోయింది పోయింది. సాయంత్రం టెన్త్ గదిల చీకటైతుంది. రెండు ట్యూబులైట్లు పెట్టియ్యండి” అంది. స్కూల్ గ్రాంటు ఇంకా పడలేదు. నా జేబులోంచే పెట్టించాను. జరిమానాగా చూస్తే చాలా చవక.