సద్విమర్శకు స్వాగత తోరణాలు

తెలుగునాట ఏ పుస్తకావిష్కరణ సభ అయినా కవిగారి స్పందనతోనే ముగుస్తుంది. అప్పటికి రాత్రి తొమ్మిది దాటి, హాలు వాచ్‌మన్ ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపేస్తుంటాడు. ఆ ఉక్కపోతలో రెండు శాలువాలు కప్పుకున్న కవిగారు మైకు పుచ్చుకుని, "సద్విమర్శను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను" అంటారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అన్నా, విజయవాడ పుస్తక మహోత్సవం వేదిక మీద అన్నా ఆ మాట మారదు. ఇంతమంది ఇంత ఆదరంగా పిలుస్తున్నారు కదా, ఆ విమర్శ ఒక్కసారైనా వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. రాదు. అది రాకుండా ఉండే ఏర్పాట్లన్నీ పుస్తకం ప్రెస్సుకు వెళ్లకముందే పూర్తయి ఉంటాయి.

1950లో వచ్చిన 'మహాప్రస్థానం'కి చలం రాసిన ముందుమాట పేరు 'యోగ్యతాపత్రం'. శ్రీశ్రీకి అది ఒక్కటీ సరిపోయింది. ఇప్పటి కవికి నాలుగైనా కావాలి. ఒక ఆచార్యుడిది, ఒక అవార్డు గ్రహీతది, ఒక సంపాదకుడిది, కాదంటే బాగుండదని సొంత జిల్లా పెద్దాయనది. అట్ట వెనక మరొకరి ఆశీస్సు. అవన్నీ దాటి కవిత్వం దగ్గరికి వచ్చేసరికి పాఠకుడికి సగం ఓపిక అయిపోతుంది. అది దుబారా అనుకుంటే పొరపాటు. ముందుమాట రాసినవాడు రేపు అదే పుస్తకాన్ని పట్టుకుని పెదవి విరవలేడు. ఆ ఊళ్లో పెదవి విరవగల స్థోమత ఉన్నవాళ్లు మామూలుగా ఆ అయిదుగురే.

ఇక సభ. ఒక వక్త "పుస్తకం నిన్న రాత్రే చేతికందింది" అని మొదలుపెట్టి, కవిగారి నాన్నగారితో తన స్నేహం గురించి చెబుతాడు. ఇంకొకాయన పుస్తకం పేరు మీదే పావుగంట మాట్లాడతాడు, లోపలికి మాత్రం అడుగు పెట్టడు. నిజంగా చదివి, పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టుకుని వచ్చిన అమాయకుడు ఒకడుంటాడు. అతని వంతు వచ్చేసరికి సమయాభావం ముంచుకొస్తుంది.

ఇన్ని కంచెలు దాటుకుని ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, "ఈ కవితలో మూడో ఖండిక అనవసరం" అని రాశారనుకోండి. అప్పుడు చూడాలి స్వాగతం! మూడో ఖండిక సంగతి తప్ప మిగతావన్నీ చర్చకు వస్తాయి. రాసినవాడిది ఏ జిల్లా, ఏ కులం, ఎవరి శిష్యుడు, కిందటేడు ఏ అవార్డు తప్పిపోయింది, ఎవరు వెనకుండి రాయించారు. చివరికి బ్రహ్మాస్త్రం: "అంత తెలిసినవాడివి నువ్వొక కవిత రాసి చూపించు." ఇడ్లీ పులిసిందన్నవాణ్ని రుబ్బురోలు ముందు కూర్చోబెట్టడం లాంటిది ఇది.

పూర్వీకులేమీ సాధువులు కారు. కొక్కొండ వెంకటరత్నం పంతులు తన 'ఆంధ్రభాషా సంజీవని'లో 'హాస్యవర్ధని' పేరుతో కందుకూరి 'వివేకవర్ధని'ని ఎగతాళి చేస్తే, కందుకూరి ఊరుకోకుండా 'హాస్య సంజీవని' పెట్టి బదులు తీర్చుకున్నారు. తిరుపతి వేంకట కవులకూ పిఠాపురం వేంకట రామకృష్ణ కవులకూ నడిచిన తగవులో ఒకరిది 'గీరతం', ఇంకొకరిది 'శతఘ్ని'. పుస్తకానికి ఫిరంగి పేరు పెట్టుకున్నవాళ్లు సద్విమర్శ, దుర్విమర్శ అని గీతలు గీసుకుని కూర్చుంటారా? అయితే గిడుగు రామమూర్తి పంతులు పండితుల మీదికి వెళ్లినప్పుడు వాళ్ల గోత్రాలు విప్పలేదు. వాళ్లు రాసిన గ్రాంథికంలోంచే వాళ్ల తప్పులు ఏరి ముందు పెట్టారు. రామాయణం మీద రంగనాయకమ్మ మూడు భాగాల 'విషవృక్షం' రాశారు. ఆ కోపంతో ఏకీభవించకపోవచ్చు, కానీ ఆ కోపం వెనక పడ్డ చదువు శ్రమను కాదనలేం. తిట్టు పక్కన పేజీ నంబరు ఉంటే నాకు తిట్టుతో పేచీ లేదు.

పేజీ నంబరు లేని తిట్లూ ఉన్నాయి, అవి తక్కువేం కాదు. పుస్తకం అట్ట కూడా చూడకుండా రచయిత ఇంటిపేరు చూసి తీర్పు చెప్పేవాళ్లు, ఒక పద్యం మీద కోపంతో వంశం మొత్తాన్ని కడిగేవాళ్లు. వీళ్లకు జవాబు రాయడం దండగ. చదవనివాడితో చదివినదాని గురించి ఏం మాట్లాడతాం?

బెదిరింపు సంగతి పూర్తిగా వేరు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2015 జనవరిలో తనలోని రచయిత చనిపోయాడని ప్రకటించాల్సి వచ్చింది. 2016లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పాకే మళ్లీ కలం పట్టారు. ఊరు ఊరంతా మీద పడటమంటే అది. మన కవిగారు మాత్రం "మూడో ఖండిక సాగింది" అన్న ఒక్క వాక్యానికే "నా గొంతు నొక్కుతున్నారు" అని సాయంత్రానికల్లా సంఘీభావ సభ పెట్టించుకుంటారు. ఆ సభలోనూ శాలువా ఉంటుంది.

సమీక్షకులు దీన్నంతా ఎప్పుడో గ్రహించేశారు. పత్రికకు రెండు ప్రతులు చేరగానే సగం సమీక్ష ముందుమాటల్లోంచే దిగుతుంది, మిగతా సగం ముఖచిత్రం మీద నడుస్తుంది. అలాగని మరీ పొగిడారన్న అపవాదు రాకూడదు కదా, అందుకని ఆఖర్న "అక్కడక్కడ అచ్చుతప్పులు పంటికింద రాళ్లలా తగులుతాయి" అని ఒక వాక్యం వేస్తారు. కవిగారు స్వాగతించే సద్విమర్శ ఇదొక్కటే. వెంటనే ఒప్పుకుంటారు, నొచ్చుకుంటారు, మలి ముద్రణలో సవరిస్తామని మాటిస్తారు. తప్పంతా డీటీపీ చేసిన కుర్రాడిది. అతన్ని సభకు పిలవరు కాబట్టి అతని స్పందన తెలిసే వీల్లేదు.