మునగడమే నా ఉద్యోగం

నన్ను మొదటిసారి చూసినవాళ్లు నవ్వుతారు. జొన్నరొట్టె అంత గుండ్రటి రేకును. ఇరవై సెంటీమీటర్ల అడ్డుకొలత. నాలుగు భాగాలు చేసి రెండింటికి తెలుపు, రెండింటికి నలుపు పూశారు. నడుమ బెజ్జం, అందులో తాడు, కింద బరువు. అంతే నేను. మా మేడం మత్స్య శాస్త్రవేత్త. ఆమె సంచిలో నా పక్కనే ఉండే ఆక్సిజన్ మీటరు చాలా ఖరీదైనది, దాని గర్వమూ అంతే. బ్యాటరీ అయిపోయిన రోజు మాత్రం ఒడ్డునే కూర్చుంటుంది. నాకా బాధ లేదు. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు థర్మకోల్ తెప్ప మీద తీసుకెళ్లి, నీడ పడే పక్కన దించుతారు. కంటికి కనబడకుండా పోయిన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు ఇంకొకటి. రెండింటి సగటు రిజిస్టరులోకి ఎక్కుతుంది.

మా వంశం సముద్రం మీద మొదలైంది. 1865లో ఆంజెలో సెక్కి అనే రోమ్ ఖగోళ శాస్త్రవేత్త పోపుగారి ఓడెక్కి మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్లేలు దించాడు. రాత్రులు చుక్కలు చూసే మనిషికి పగలు నీళ్ల పని చెప్పారన్నమాట. ఈ నలుపు తెలుపుల వేషం 1899లో విప్పిల్ అనే అమెరికా ఇంజనీరు వేశాడు. పేరు మాత్రం సెక్కిదే నిలిచింది.

అలాంటి నన్ను సముద్రపు గాలి కూడా సోకని మద్నూర్‌కు తెచ్చారు. ఇది మూడు రాష్ట్రాలు దగ్గరపడే చోటు. అవతల దెగ్లూర్, ఇవతల జుక్కల్, ఆ పక్కన కౌలాస్ నాలా జలాశయం, దాని నీళ్లు పోయి కలిసే మంజీర. నేలంతా నల్లరేగడి, పత్తి చేలు. తొలి వరదకు జానెడు లోతు దిగకముందే మాయమవుతాను. అది చూసి నీళ్లలో మేత బాగా ఉందనుకుంటే పొరపాటే. అది చేలల్లోంచి కొట్టుకొచ్చిన ఒండ్రు. దాంతో వెలుగు లోపలికి దిగదు, నాచు పెరగదు, నాచు తిని బతికే సూక్ష్మజీవులూ ఉండవు. వానలు తగ్గి మట్టి అడుగుకు దిగాక, నీళ్లు లేత పచ్చగా మారి నేను ముప్పై నలభై సెంటీమీటర్ల దగ్గర కనుమరుగైతే అప్పుడు మేడం ముఖం విప్పారుతుంది. పట్టుగుడ్డ వలతో నీళ్లు వడగట్టి, ఆ పచ్చదనమేమిటో సూక్ష్మదర్శినిలో చూస్తుంది. నీళ్లు ఎంత మసకో నేను చెప్పగలను. ఎందుకు మసకో చెప్పడం ఆమె పని.

చేపపిల్లల శాస్త్రానికి మన దేశంలో మంచి పేరుంది. బొచ్చె, రోహు, మోసు లాంటివి నిలవనీటి చెరువుల్లో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి. ఒకప్పుడు నదుల్లో పిల్లల్ని ఏరి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి చేపలతో గుడ్లు పెట్టించారు. మత్స్య రైతు దినోత్సవం ఆ రోజునే జరుగుతుంది. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో 1992లో నార్వే వాళ్లతో కలిసి మొదలుపెట్టిన ఎంపిక ప్రజననంతో త్వరగా పెరిగే రోహు వచ్చింది. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లయిన 1997లో దానికి జయంతి అని పేరు పెట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2016–17లో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్లవి, జలాశయాలకు 80–100 మిల్లీమీటర్లవి.

ఇదంతా పిల్లల్ని పుట్టించే, వదిలే కథ. నీళ్లు ఎన్నింటిని పోషించగలవన్న కథకు ఫొటోలు రావు. ‘ఎన్ని లక్షలు వదిలారు?’ అని అందరూ అడుగుతారు. ‘ఎన్ని మిగిలాయి?’ అని అడిగేది మేడం ఒక్కతే. చిన్న పిల్లయితే కొర్రమీనుకో వాలుగకో ఒక్క గుక్క. దీపావళి దాటాక వదిలితే పెరిగేలోపే యాసంగికి తూము ఎత్తుతారు. వదిలిన లెక్క చెప్పడానికి లారీ చీటీ చాలు. మిగిలిన లెక్క కోసం తెల్లవారకముందే ఒడ్డుకు పోవాలి. ఎన్ని వలలు, ఎన్ని గంటలు వేశారు, ఎన్ని కిలోలు పడ్డాయో రాయాలి. ఒక్కో చేపనూ బల్ల మీద పెట్టి పొడవు కొలవాలి. తొందరలో ఉన్న బేరగాళ్ల చేత తిట్లు తినాలి.

ఆమె దగ్గర పాత కాగితాల నకలు ఒకటుంది. 1947లో మహమూద్, రహీముల్లా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చువేసిన నిజామాబాద్ జిల్లా చేపల సర్వే. అందులోని ఒక్కో చేప బొమ్మ ఫోన్‌లో చూపి ముసలివాళ్లను అడుగుతుంది. కొన్నింటికి ఠక్కున పేరు వస్తుంది. కొన్నింటికి ‘మా నాయన పట్టేటోడు’ అన్న జవాబు వస్తుంది. ఆ రెండో జవాబునూ ఆమె తేదీ వేసి రాసుకుంటుంది.

ఇక్కడి మత్స్యకారుల సంఘంలో పెద్దమనిషి ఒకాయన మొదట్నుంచీ నన్ను అనుమానంగానే చూశాడు.

“మేడం, గీ పళ్లెం ఏం జెప్తది? చేపలున్నయా, లేవా?”

“చేపల సంగతి దానికి తెల్వదు తాతా. నీళ్లల్ల మేత ఎట్లుందో కొంచెం చెప్తది.”

“మరి ఈసారి ఎన్ని పిల్లలడగాలె?”

“పోయినసారికంటే తక్కువ. పెద్దసైజువి, వానలుండంగనే.”

“తక్కువ అడిగొచ్చిన్నంటే సంఘంల నన్ను బతకనిస్తరా?”

మేడం దానికి జవాబు చెప్పలేదు. రిజిస్టరు ఆయన ముందు పెట్టింది. ఏ నెల నేను ఎంత లోతులో మాయమయ్యానో, ఆ తరువాత వలకు ఎన్ని కిలోలు పడ్డాయో పక్కపక్కనే ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, “రెండేండ్లదేనా?” అన్నాడు. నిజమే, ఆ లెక్క గట్టిపడాలంటే ఇంకొన్నేళ్లు కావాలి. ఆమె ప్రాజెక్టు గడువేమో అంతకంటే ముందే అయిపోతుంది.

మరుసటి నెల ఆయన చేతిలో ఒక స్టీలు కంచం ఉంది. నలుపు తెలుపు రంగులు చేత్తోనే పూశాడు, గీతలు వంకర. తాడుకు సెంటీమీటర్ల బదులు బెత్తెడుకొక ముడి. నా పక్కనే నీళ్లలోకి దించాడు. చెప్పడానికి మనసొప్పడం లేదు గానీ, ఇద్దరం ఇంచుమించు ఒకే లోతులో మాయమయ్యాం. మేడం రిజిస్టరులో నా నిలువుగీత పక్కన ఇంకో గీత కొట్టి, దానికి ‘కంచం’ అని పేరు పెట్టింది. ఆమె రాని నెలల్లో అంకెలు ఆయనే ఫోన్‌లో చెప్తానన్నాడు, బెత్తెళ్ల లెక్కన.