క్వాలిఫైడ్ అని అచ్చేసేది నేనే

జగ్గయ్యపేటలో ఒక నెట్ సెంటర్లో, జెరాక్స్ మిషను పక్కన కూర్చునే లేజర్ ప్రింటర్ని నేను. ఆధార్ కార్డులూ అడంగల్ కాపీలూ ఏడాది పొడవునా ఉండేవే. నా అసలు సీజను మాత్రం ఎంసెట్ రిజల్టుతో మొదలవుతుంది. పేరు ఈఏపీసెట్‌గా మారినా మా కౌంటర్ దగ్గర అందరికీ అది ఎంసెట్టే.

నా డ్రమ్ము మీద గీత పడింది. ప్రతి కాగితం మీదా నిలువునా సన్నటి నల్లచార దిగుతుంది. అది ఒకరి ర్యాంకు పక్కనే పడితే, ముందు ఇంకో ఒకటి చేరిందనుకుని పాపం ఆ తండ్రికి ముచ్చెమటలు పట్టాయి.

చాలామంది చూపు ముందు వెళ్లేది ర్యాంకు మీదికి కాదు, ‘క్వాలిఫైడ్’ అన్న మాట మీదికి.

“అయితే సీటొచ్చేసినట్టేనా అబ్బాయ్?” అనడిగాడు ఒకాయన. కూతురికి 47 మార్కులు.

“క్వాలిఫై వేరు, సీటు వేరు బాబాయ్” అన్నాడు మా ఓనరు.

పేపరు 160 మార్కులకు. అందులో పాతిక శాతం, అంటే 40 వస్తే క్వాలిఫై. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ నిబంధన కూడా లేదు. నాకు నవ్వొచ్చేది ఇక్కడే. 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, నెగటివ్ మార్కులు లేవు. కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కుకుంటూ పోయినా సగటున 40 పడాలి. ఆ మాత్రం దానికి స్వీట్లు పంచేవాళ్లున్నారు!

సీటు తేల్చేది లాస్ట్ ర్యాంకు షీటు. కాలేజీ, బ్రాంచి, కేటగిరీ, అమ్మాయిలు, అబ్బాయిలు అంటూ గళ్లే గళ్లు. అడ్డంగా వేసినా అక్షరాలు చీమల్లా వస్తాయి. ఆ అంకెల్ని ముందుగా ఎవరూ నిర్ణయించరు. ఆ ఏడు ఆ గడిలో సీటు దొరికిన చివరి పిల్లదో పిల్లాడిదో ర్యాంకు అది. అందరూ కంప్యూటర్ సైన్సు మీద పడితే అక్కడ త్వరగా ఆగిపోతుంది, అదే కాలేజీలో సివిల్ ఎంతో దూరం పోతుంది.

పక్కనే కోదాడ కాబట్టి తెలంగాణ కార్డులూ నా దగ్గరికొస్తాయి. ఆంధ్రలో ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం. తెలంగాణ దాన్ని 2023లో ఎత్తేసింది. ఇంటర్ బాగా రాసి ఎంట్రెన్సులో తడబడ్డ పిల్లకి ఇక్కడ కాస్త ఊతం, అక్కడ అదీ లేదు.

నీట్ వాళ్ల తికమక ఇంకోరకం. “యాభై పర్సెంటైలంటే 720కి 360 కదండీ?” అంటారు. కాదు. రాసినవాళ్లలో సగం మందిని దాటితే చాలు. అందుకే జనరల్ వాళ్లకి ఆ మార్కు 2022లో 117, 2023లో 137, 2024లో 162, 2025లో 144. పేపరు ముదిరితే మార్కు దిగుతుంది. 2023లో నీట్ పీజీకైతే ఏకంగా సున్నా పర్సెంటైల్‌కి దించేశారు. అయినా కోరుకున్న కాలేజీలో సీటు కావాలంటే ర్యాంకే దిక్కు.

47 మార్కుల పిల్ల వాళ్ల నాన్నతో వెబ్ ఆప్షన్లకి మళ్లీ వచ్చింది. షీటు మీద వేలు పెట్టి చూపించాడాయన.

“పోయినేడు ఆఖరి ర్యాంకు మనదానికి కాస్త ముందే ఆగింది. పెట్టొద్దంటావా?”

“పెట్టు బాబాయ్, పోయేదేముంది? ఈ ఏడు ఎక్కడాగుతుందో ఎవడికి తెలుసు? ఇష్టమైనవి పైన పెట్టు, ఖాయమనుకున్నవి కింద. ఎన్ని పెట్టినా డబ్బులు ప్రింటుకే.”