రాళ్లకు కరవా?

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై తిరుపతి యాత్రకు బయలుదేరే కారు ప్రయాణికుల ఆహారనియమం పరిశోధకులు గ్రంథస్థం చేయదగినంత విశిష్టమైనది. సద్దిమూట, అనగా దారిలో తినడానికి ఇంటి నుంచి కట్టుకునే తిండి, మోటుతనమని భావించే ఈ వర్గం, 600 మిల్లీలీటర్ల శీతల పానీయంలో కరిగిన సుమారు 60 గ్రాముల చక్కెరను దాహశాంతిగా స్వీకరించి, పదే పదే బండి ఆపవలసి వస్తుందన్న భయంతో మంచినీటిని మాత్రం నిషిద్ధ పదార్థాల జాబితాలో చేర్చింది.

నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది, రేనాడు వంటి కొర్ర రకాలను రూపొందించింది. అయితే పేగుల కదలికకు తోడ్పడే పీచు గల ఆ కొర్రలు, ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత కూడా, ఆ ఊరు దాటే కార్లలో మైదా బిస్కెట్ల పొట్లంపై అచ్చైన కంకి బొమ్మగానే దర్శనమిస్తున్నాయి.

నిర్జలీకరణం, అనగా కోల్పోయిన నీరు తిరిగి ఒంట్లోకి చేరకపోవడం, మూత్రాన్ని చిక్కబరచి అందులోని లవణాలు గట్టిపడి పేరుకోవడానికి దోహదం చేస్తుంది. ఆళ్లగడ్డ శిల్పులు ఉలితో రాళ్లను దేవుళ్లుగా మలుస్తుండగా, ఆ ఊరి మీదుగా వెళ్లే ప్రయాణికుడు ఉలి పట్టకుండానే తన మూత్రపిండాలలో రాళ్లను తయారుచేసుకుంటున్నాడు. తేడా ఒక్కటే, మొదటి రాళ్లకు జనం మొక్కుతారు, రెండో రాళ్లకు మూలుగుతారు.