తుపాకీకీ ఒక స్లాటు పెట్టండి మహాప్రభో

నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సుల్ జనరల్ గారి దివ్యసముఖానికి,

కొండాపూర్ అపార్ట్‌మెంటు వాసి, డాలస్‌లో ఇద్దరు పిల్లలున్న రిటైర్డ్ తండ్రి నమస్కరించి వ్రాయునది. తుపాకుల చట్టాలు తమరి చేతిలో లేవని తెలుసు. కానీ హైటెక్ సిటీ చుట్టుపక్కల మాకు అందే అమెరికా మీరొక్కరే.

ముందుగా మీ జాగ్రత్తకు జోహార్లు. మనవరాలిని చూసొస్తామంటే డీఎస్-160 అనే వీసా ఫారం నింపించారు. తుపాకులు, పేలుడు పదార్థాలు, అణ్వస్త్రాల్లో ప్రత్యేక శిక్షణ ఏమైనా ఉందా అని అందులో అడిగారు. నాకున్నది మోకాళ్ల నొప్పి. 185 డాలర్లు కట్టాం. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో వేలిముద్రలు ఇచ్చాం. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు పూర్తి. వీసా వస్తే 108 బాకీ.

ఇంత జాగ్రత్త గల దేశంలో, 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీలో ఒక కుర్రాడు బడిలోకి వెళ్లి 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను కాల్చి చంపాడు. పద్దెనిమిది నిండిన కొద్దిరోజులకే రైఫిళ్లు దర్జాగా, చట్టప్రకారం కొనుక్కున్నాడు. బీరు సీసాకైతే ఇంకో మూడేళ్లు ఆగాల్సి వచ్చేది.

మొన్న వీడియో కాల్లో వాళ్ల నాయనమ్మ "బళ్లో ఇవాళేం నేర్పారే తల్లీ?" అంటే, రెండో తరగతి మనవరాలు "లైట్లు ఆర్పేసి, గోడకి అతుక్కుని, చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం" అంది. మీ ఫారంలో అడిగిన ప్రత్యేక శిక్షణ మా ఇంట్లో ఆ పిల్లకే ఉంది.

చంపేది మనుషులే గానీ తుపాకులు కావని మీవాళ్లంటారు. కోపిష్టి పిల్లలకు మా ఊళ్లోనూ కొదవ లేదు, కార్పొరేట్ కాలేజీల పుణ్యమా అని. వాళ్లకు రైఫిల్ దొరకదు, అంతే తేడా. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలంటే సైబరాబాద్ కమిషనర్ గారికి ఎందుకో చెప్పుకోవాలి, పోలీసు విచారణకు నిలబడాలి. అన్నీ కుదిరినా, 2019 సవరణ తర్వాత మనిషికి రెండే తుపాకులు.

మా చట్టం మేలిమి బంగారమని బుకాయించను. 2025 ఫిబ్రవరిలో గచ్చిబౌలి పబ్బులో ఒక దొంగ ఏకంగా పోలీసుల మీదే కాల్చాడు. 2007 డిసెంబరులో గుర్‌గావ్ బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు తమలో ఒకడి తండ్రి పిస్తోలు తెచ్చి తోటి విద్యార్థిని చంపారు. లైసెన్సుతో పాటు బీరువా తాళం గురించీ చట్టం గట్టిగా అడగాలన్నమాట. అయినా "గుర్‌గావ్ బడి కాల్పులు" అంటే మాకు చాలు. మీ టెక్సాస్ బడి అంటే ఏ ఊరో, ఏ ఏడో కూడా చెప్పాలి.

1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసివాళ్లు, వాళ్ల టీచరు బలైతే, మరుసటి ఏడే బ్రిటన్ పిస్తోళ్లను దాదాపుగా నిషేధించింది. బడిలో అలాంటి ఊచకోత అక్కడ మళ్లీ జరగలేదు. మీ రాజ్యాంగంలో ఆయుధాల హక్కిచ్చే రెండో సవరణ ఉంది కాబట్టి అంత దూరం రమ్మనను. మా మీద చూపే అనుమానంలో సగం తుపాకీ కొనేవాడి మీద చూపండి. ఫారం, వేలిముద్రలు, ఇంటర్వ్యూ స్లాటు కోసం ఎదురుచూపు, అద్దం అవతల నుంచి "ఎందుకు నాయనా నీకిది?" అనే ఒక మనిషి. క్షణికావేశం స్లాటు వచ్చేదాకా నిలవదు. పథకం వేసుకుని వచ్చేవాడి మొహం కనీసం ఒకరైనా చూస్తారు.

2023 మే 6న మా పిల్లలుండే డాలస్ పక్కనే ఆలెన్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు; వాళ్లలో ఒకరు మా హైదరాబాద్ అమ్మాయి, ఇంజినీరు. ఆ మాల్ పేరెత్తితే చాలు, మా ఆవిడ ఫోన్ పెట్టేసేలోగా మూడుసార్లు జాగ్రత్తలు చెబుతుంది.

కాబట్టి ఈ ఉత్తరాన్ని వాషింగ్టన్‌కు పంపగలరు. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అని మాత్రం పక్కన పెట్టకండి.

ఇట్లు,
బీ1/బీ2 వీసా దరఖాస్తుదారు