పదహారు కోర్లు, ఒక పెండ్లి పత్రిక

ఇంటి కోసం కంప్యూటరు కొనే విషయంలో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల మధ్యతరగతి గృహస్థులు ఒక విలోమ సూత్రాన్ని నిష్ఠగా పాటిస్తున్నట్లు కనిపిస్తుంది. దాని ప్రకారం యంత్రంతో చేయవలసిన పని ఎంత తక్కువైతే అందులోని ప్రాసెసర్లు అంత ఎక్కువగా ఉండాలి. కొడుకు ఇంటర్‌లో చేరితే నాలుగు కోర్లు, ఎప్‌సెట్‌లో ర్యాంకు వస్తే ఎనిమిది, అమెరికాలోని మేనల్లుడు ఫోనులో సలహా ఇచ్చిన పక్షంలో పదహారు అని లెక్క. కోర్ అంటే ప్రాసెసర్ చిప్‌లో స్వతంత్రంగా లెక్కలు చేయగలిగే విభాగం. 2005కు ముందు ఇంటి కంప్యూటర్ల చిప్‌లలో ఇది సాధారణంగా ఒక్కటే ఉండేది; దాన్నే ఇంకా వేగంగా పరుగెత్తించబోతే భరించలేనంత వేడి పుడుతున్నందువల్ల ఇంటెల్, ఏఎండీ సంస్థలు ఆ ఏడాది నుంచి కోర్ల సంఖ్యను పెంచే దారి పట్టాయి. వేడి ముదిరినప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మే నెలలో ఎవరైనా చేసే పని అదేనని రామగుండం వాసులకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రాసెసర్లు ఎన్ని ఉన్నా వాటికి పని పంచేది ఆపరేటింగ్ సిస్టమ్. అందులో షెడ్యూలర్ అనే భాగం ఏ పనిని ఏ కోర్‌కు, ఎంతసేపు అప్పగించాలో క్షణక్షణం నిర్ణయిస్తూ ఉంటుంది. ఈ పంపకంలోని చిక్కు తెలియాలంటే 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనను గుర్తు చేసుకోవచ్చు. ఆ రోజు ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ అని నాలుగైంది. కరీంనగర్ కూడా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్లలుగా విడిపోగా, మిగిలిన కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. ఒక కలెక్టరు ఉన్నచోట నలుగురు కూర్చున్నారు కనుక ఫైళ్లు నాలుగు రెట్ల వేగంతో కదలాలి. కదలలేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ లోపం ప్రభుత్వానిది కాదు, గణితానిది. జీన్ ఆమ్డాల్ 1967లో చేసిన వాదన నుంచి పుట్టిన సూత్రం ప్రకారం, ఒక పనిలో సగభాగం తప్పనిసరిగా ఒకదాని తర్వాత ఒకటిగా జరగవలసినదైతే, ఎన్ని ప్రాసెసర్లను నియమించినా మొత్తం వేగం రెండింతలకు మించదు. చివరి సంతకం పెట్టవలసిన అధికారి హైదరాబాద్‌లో ఒక్కరే ఉన్నప్పుడు జిల్లాలు నాలుగైనా నలభైయైనా ఫలితంలో పెద్ద తేడా ఉండదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ పాఠాన్ని నెమ్మదిగా నేర్చుకున్నాయి. విండోస్ 95, 98లు యంత్రంలో రెండో ప్రాసెసర్ ఉన్నా లేనట్టే ప్రవర్తించేవి. కార్యాలయాల కోసం చేసిన ఎన్‌టీ, 2000లు మాత్రమే దాన్ని గుర్తించేవి. లినక్స్ 1996 నాటి 2.0 విడుదలతో బహుళ ప్రాసెసర్లను స్వీకరించినప్పటికీ, కెర్నెల్ అనే మూలభాగంలోకి ఒకసారికి ఒక్క ప్రాసెసరే ప్రవేశించేలా పెద్ద తాళమొకటి వేసుకుని, దాన్ని కొద్దికొద్దిగా సడలిస్తూ 2011లో గానీ పూర్తిగా తీసివేయలేదు. పదిహేనేళ్లలో తెగిన వ్యవహారాన్ని మన రెవెన్యూ పరిభాషలో సత్వర పరిష్కారం అంటారు.

నేడు జేబులోని ఫోనులోనే ఎనిమిది కోర్లు ఉంటున్నాయి, వాటికి పని పంచడం అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ చేతనవును. కాబట్టి ఒకే చిప్‌లో కోర్లు ఎన్ని ఉన్నా వాటిని చూసి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోవలసిన అవసరం దాదాపుగా లేదు. అసలు చిక్కు రెండు సాకెట్ల యంత్రాలతో వస్తుంది. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. కార్యాలయాలు వదిలించుకున్న, రెండేసి జియాన్ ప్రాసెసర్లున్న వర్క్‌స్టేషన్లు సెకండ్ హ్యాండ్ బజారులో చవకగా దొరుకుతాయి. వాటిని ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ చేర్చే ఉత్సాహవంతులకు కొదవ లేదు. ఇంటికి తెచ్చారు కనుక ‘హోమ్’ అని పేరున్న విండోస్ వేయించడం సహజం. అయితే 2001 నాటి ఎక్స్‌పీ హోమ్ మొదలుకొని నేటి విండోస్ 11 హోమ్ వరకు ఆ తరగతి ఒక్క సాకెట్‌నే అంగీకరిస్తుంది. రెండోదాన్ని వాడుకోవాలంటే ప్రొ తరగతి కొనాలి. మైక్రోసాఫ్ట్ ధర్మశాస్త్రంలో గృహమంటే ఏకవ్యక్తి కుటుంబం, ఉమ్మడి కుటుంబానికి పన్ను వేరు. ఆ యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘సాకెట్స్’ అనే వరుసను చదివితే అక్కడ 1 అని కనిపిస్తుంది. పెట్టెలో మాత్రం రెండు ఫ్యాన్లూ తిరుగుతూనే ఉంటాయి, విద్యుత్ మీటరు ఏ వివక్షా లేకుండా రెండింటినీ గుర్తిస్తుంది. లినక్స్‌కు ఈ తరగతి భేదం లేదు, రుసుమూ లేదు. అదే యంత్రంలో రెండు సాకెట్లూ కనిపిస్తాయి.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగియడంతో మరో వినోదం మొదలైంది. విండోస్ 11కు కావలసిన కనీస బలం రెండు కోర్లు, ఒక గిగాహెర్ట్జ్ వేగం మాత్రమే. కానీ ఆ ప్రాసెసర్ పేరు సంస్థ ఆమోదించిన జాబితాలో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. అందువల్ల నిన్న పుట్టిన రెండు కోర్ల ల్యాప్‌టాప్ అర్హత పొందగా, పదేళ్ల కిందటి పదహారు కోర్ల వర్క్‌స్టేషన్ వయోపరిమితి దాటిన అభ్యర్థిగా వెనుదిరుగుతుంది. గ్రూప్ పరీక్షలు రాసే యువతకు ఈ నియమాన్ని వివరించవలసిన పని లేదు.

ఇంతవరకు చెప్పినది శాస్త్రం, ఆచారం వేరు. ఈ జిల్లాల్లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనేక చోట్ల నిర్ణయించేది పెండ్లి పత్రిక. డీటీపీ ఆపరేటర్ చేతికి అలవాటైన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము చివరి రూపం 7.0, అది 2001లో వెలువడింది. దానికి తోడుగా ఉండే అను ఫాంట్లు, ప్రతి లిపికీ వేరే సంకేతాలిచ్చే యూనికోడ్ విధానానికి చెందినవి కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల స్థానంలోనే తెలుగు అక్షర ఖండాలను కూర్చుకున్నందువల్ల, ఆ ఫాంటు లేని యంత్రంలో ‘చి.ల.సౌ.’ అన్నది అర్థంకాని గుర్తుల కుప్పగా మారి, వధువు పేరు గుర్తుపట్టరాకుండా పోతుంది. అను టైపింగులో ‘యాపిల్’ అనే కీబోర్డు వరసకు ఇరవయ్యేళ్లుగా అలవాటుపడిన వేళ్లు కూడా కొత్త వరసకు అంత తేలికగా లొంగవు. కాబట్టి ఎంత కొత్త యంత్రం వచ్చినా అందులో పాత విండోస్‌నే పట్టుబట్టి వేయిస్తారు. పేజ్‌మేకర్ ఇళ్లలో ఒక్క కోర్ మాత్రమే ఉన్న కాలంలో రాసిన ప్రోగ్రాము కనుక ఒక కోర్ ముహూర్తాన్ని సరిచేస్తుండగా మిగిలిన పదిహేనూ చూస్తూ కూర్చుంటాయి. ట్యాలీ మీద బతికే కిరాణా టోకు వర్తకుడికీ విండోస్ తప్పదు, అతనికి పదహారు కోర్లు ఎందుకన్న ప్రశ్న మాత్రం లెక్కల పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. విండోస్‌లో ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. లినక్స్ వైపు హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ బృందం మెనూలతో సహా ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగు చేసింది. ఆదిలాబాద్ ఇంటికి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఒకటుంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల ద్వారా వెలుగుచూసిన గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో చేరింది, దానికి నోటో ఫాంటు ఉచితంగా లభిస్తుంది. తాతల లిపిలో ఒక పేజీ రాయదలచిన గోండు కుటుంబానికి కావలసినవి ఆ ఫాంటు, ఒక కీబోర్డు వరస, ఒక కోర్. కంప్యూటరు దుకాణాలు చేతికిచ్చే వివరాల కాగితంలో కోర్లకు, కేష్‌కు, రంగురంగుల దీపాలకు గడులున్నాయి గానీ లిపికి గడి లేదు.

ఎక్కువ కోర్లు నిజంగా సార్థకమయ్యే ఇళ్లు కొన్ని లేకపోలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న తర్వాత జానపద పాటలు, హాస్య వీడియోలు తీసే ఉత్సాహం ఈ ప్రాంతంలో బాగా పెరిగింది. వీడియోను చివరి రూపానికి తెచ్చే ఎన్‌కోడింగ్ పనిని ముక్కలు చేసి కోర్లకు పంచడం సులువు కనుక అక్కడ పెట్టిన డబ్బుకు ఫలితం కంటికి కనబడుతుంది. ప్రీమియర్‌తో ఎడిటింగ్ చేసేవారికి లినక్స్ కుదరదు, ఎందుకంటే ఆ ప్రోగ్రాము అందులో నడవదు. లినక్స్‌లోనూ నడిచే కేడెన్‌లైవ్, బ్లెండర్‌లతో పని జరిగేవారికి, ముఖ్యంగా రెండు సాకెట్ల యంత్రం ఉన్నవారికి, లినక్స్ కంటే మెరుగైన దారి లేదు. పెండ్లి పత్రికలకు మాత్రం అటకమీది పాత పెట్టె చాలు.

ఏ దుకాణంలోనైనా డబ్బు చెల్లించే ముందు టాస్క్ మేనేజర్‌లోని ఆ ‘సాకెట్స్’ వరుసను ఒకసారి చదవాలని, పక్కనున్న అంకె పెట్టెలోని ప్రాసెసర్ల సంఖ్యతో సరిపోకపోతే బిల్లులో సగం తగ్గించమని అడగాలని పాఠకులకు మనవి.